బాదంతోటలో డ్రాగన్

ఆ ఏడు బాదం కోతలు మొదలయ్యేనాటికి, మా ఆయన ఎమ్రిస్ కూతురితో మాటలు మానేసి నాలుగేళ్ళయింది. లోవ్రి వేల్స్ నుంచి ఫోన్ చేసేది. నేను మాట్లాడేదాన్ని. ఆయన అదే గదిలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవాడు. బయట చూడ్డానికి ఏముందని? బెనిగాల్బ లోయ, బాదంచెట్లు, స్పెయిన్ ఎండ. నేను ఫోన్ పెట్టేశాక మాత్రం, "అక్కడ వాన పడిందటా?" అని అడిగేవాడు. వేల్స్‌లో వాన పడిందా అని అడగడం, సముద్రంలో నీళ్ళున్నాయా అని అడగడం ఒకటే. ఆయన అడుగుతున్నది వాన గురించి కాదని నాకు తెలుసు. అయినా నాకూ పంతమే. "పడిందట" అని ఊరుకునేదాన్ని.

గొడవంతా కుక్కల గురించి. మోకాళ్ళు పోయి వ్యవసాయం మానేసినప్పుడు ఆయన కొండనీ గొర్రెల్నీ లోవ్రికి అప్పజెప్పాడు గానీ, గొర్రెల్ని తోలే పోటీల కోసం పెంచిన కుక్కల్ని మాత్రం పక్క లోయలో ఓ మగాడికి ఇచ్చేశాడు. ఆడపిల్ల చేతిలో పడితే పాడైపోతాయట! మేం ఇక్కడికొచ్చేయడానికి విమానం ఎక్కుతుంటే సాగనంపడానికి కూడా పిల్ల రాలేదు. తర్వాత నెల్ అనే కుక్కపిల్లని తెచ్చుకుని, ఎవరి సాయమూ లేకుండా కొండ మీద దానికి తనే పని నేర్పింది. ఇదంతా నాకు ఫోన్లో చెబుతూనే ఉండేది. వినాల్సినవాడు కిటికీ దగ్గర వింటూనే ఉండేవాడు.

ఆగస్టులో ఒకరోజు లోవ్రి హలో కూడా అనకుండా మొదలెట్టింది. "అమ్మా, నెల్లూ నేనూ జాతీయ పోటీ ఫైనల్‌కి చేరాం. అక్టోబరు రెండో శనివారం. ఆ సాయంత్రమే మన చానెల్లో చూపిస్తారు."

మన చానెల్ అంటే మా వెల్ష్ భాషది. ఇంగ్లీషువాళ్ళకి పాతిక చానెళ్ళు, మాకు ఒక్కటే. అందుకే దాన్ని పేరు పెట్టి పిలవం.

ఫోన్ పెట్టేశాను. "వాన పడిందటా?" అన్నాడు ఎమ్రిస్.

"లేదు. నీ కూతురు జాతీయ ఫైనల్‌కి వెళ్తోందట. టీవీలో చూపిస్తారట."

ఆయన లేచి పెరట్లోకి పోయాడు. కాసేపటికి నేను వెళ్ళి చూస్తే, గోడకి బిగించిన మా చిన్న డిష్ కింద స్టూలు వేసుకుని, తల పైకెత్తి దాన్నే చూస్తున్నాడు.

ఆ డిష్ చచ్చిపోయి అప్పటికి ఆరు నెలలు. అంతకుముందు బ్రిటన్ చానెళ్ళన్నీ అందులో ఉచితంగా, కడిగిన అద్దంలా వచ్చేవి. ఇంతలో పాత ఉపగ్రహాన్ని పక్కనపెట్టి కొత్తది తెచ్చారు. కొత్తది మహా పొదుపరి. ఉన్నదంతా బ్రిటన్ మీద కుమ్మరించి, మా దాకా వచ్చేసరికి తడి చెయ్యి విదిలించినట్టు నాలుగు చుక్కలు విదిలించేది. ఈ తీరం పొడుగునా బ్రిటన్ నుంచొచ్చినవాళ్ళ ఇళ్ళల్లో చావు కబురు విన్నట్టయింది. కొందరు ఇంటర్నెట్‌లోకి మారారు. మా లోయలో ఇంటర్నెట్ ఓ ఫొటో తెరవడానికే ఆపసోపాలు పడేది.

"రోడ్డు మలుపులో కీత్ బారుంది కదా, అక్కడ పెద్ద డిష్షే ఉంది. వెళ్ళి చూద్దాం," అన్నాను.

"ఆ ఇంగ్లీషువాడి బారులోనా? మన చానెల్ పెడితే వాడు ముందు చప్పుడు తీసేస్తాడు. తర్వాత జోకులు మొదలెడతాడు."

"మరేం చేస్తావు?"

"డిష్ చాలదు," అన్నాడు ఎమ్రిస్. "పెద్దది కావాలి." కూతురి పేరు పలకలేదు, సంతోషించలేదు. కానీ టేపు తెచ్చి గోడ కొలవడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు ఆపాటి చాలు.

*

సముద్రం పక్క ఊళ్ళో ఇల్లమ్ముకుని వెళ్ళిపోతున్న ముసలి దంపతుల దగ్గర దొరికింది పెద్ద డిష్. ఇద్దరు మనుషులు చేతులు బారజాపి నిలబడితే ఎంతో అంత వెడల్పు. మా పక్కింటి బతిస్త్ బాదంకాయలు తోలే ట్రాక్టర్ ట్రక్కులో వేసుకొచ్చాడు. దారి పొడుగునా జనం, చర్చికి కొత్త గోపురం వస్తోందేమో అనుకున్నారట.

తీరా తెచ్చాక తేలిందేమిటంటే, దాన్ని నిలబెట్టడానికి మాకు చోటు లేదు. ఉపగ్రహం ఆగ్నేయాన ఉంటుంది. మా ఇంటికి ఆగ్నేయాన కొండ అడ్డం. ఆకాశం బాగా కనిపించేది బతిస్త్ వాళ్ళ బాదంతోట మొదటి మడిలోంచే. అది సరిగ్గా వాళ్ళ వీధి గుమ్మానికి ఎదురుగా ఉంది. బతిస్త్ మంచివాడు, దేనికైనా సరే అంటాడు. ఆయన సరే అన్నది జరగాలంటే భార్య అంపారో కూడా అనాలి.

అంపారో నడుం మీద చేతులు పెట్టుకుని డిష్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "అక్టోబరు తొమ్మిదిన ఊరి పండగ. ఊరేగింపు నా గుమ్మం ముందు నుంచే పోతుంది. ఈ తుప్పు మూకుడు చూసి జనం నన్నేమనుకోవాలి?"

"మా అమ్మాయి టీవీలో," అన్నాడు ఎమ్రిస్. ఆయన స్పానిష్‌లో క్రియలు ఉండవు. ఉన్నా వాటికి తోకలుండవు.

"మీకు అమ్మాయి ఉందా!" అంపారో నావైపు తిరిగింది. "ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పాడా ఈ మనిషి? మెన్నా, నువ్వైనా చెప్పొద్దూ?"

చెబుదామనే ఉండేది గానీ, ఎమ్రిస్ ముందు ఆ మాట ఎత్తలేను. అందుకే నవ్వి ఊరుకున్నాను.

"సరే," అంది అంపారో. "పెట్టుకోండి. కానీ రంగు వెయ్యాలి. అలా ఇలా కాదు, మెరవాలి. నా గుమ్మం పరువు పోకూడదు."

మెరవాలంటే మెరిపించాడు ఎమ్రిస్. పడవలకి వేసే ఎనామిల్ తెచ్చి, పైసగం తెలుపు, కిందిసగం పచ్చ, మధ్యలో నాలుక చాపి, కాలెత్తి, రెక్కలు విప్పిన ఎర్రటి డ్రాగన్. మా వేల్స్ జెండా. వారం రోజులు నిచ్చెన మీదే ఉన్నాడు. మోకాళ్ళ మాటే ఎత్తలేదు. డ్రాగన్ గోళ్ళకి వేరే సన్న కుంచె కావాలన్నాడు. సాయంత్రాలు ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి పోయేవాళ్ళు. మా ప్రాంతంలో గుర్రమెక్కి డ్రాగన్‌ని బల్లెంతో పొడిచే సెయింట్ జార్జ్‌కి భక్తులెక్కువ.

"బొమ్మ బాగుందయ్యా ఎమ్రిస్," అన్నాడు బతిస్త్. "కానీ సెయింట్ జార్జ్ ఏడి?"

"మా బొమ్మ, జార్జ్ లేడు," అన్నాడు మా ఆయన కుంచె దులుపుతూ. "డ్రాగన్ గెలుపు."

ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మర్నాడు రొట్టెల కొట్లో నాకు ఒక రొట్టె ఎక్కువిచ్చారు.

ఇక దాన్ని గురిపెట్టిన రోజు చూడాలి. నేను మా కిటికీలో నిలబడి టీవీలో సిగ్నల్ గీత పెరుగుతోందో తరుగుతోందో అరవాలి. ఎమ్రిస్ మడిలో నిలబడి చెప్పాలి, బతిస్త్ డిష్‌ని ఒక వెంట్రుకంత జరపాలి. ఎమ్రిస్‌కి తొందరలో ఉన్న నాలుగు స్పానిష్ ముక్కలూ ఎగిరిపోయాయి. కొండ మీద కుక్కని పిలిచినట్టే వెల్ష్‌లో కేకలు మొదలెట్టాడు. కుడికి ఒక కేక, ఎడమకి ఒక కేక, ఆగడానికి ఒక ఈల. విచిత్రం, బతిస్త్ ఒక్కటీ తప్పలేదు.

"మెన్నా," అని అరిచాడు బతిస్త్, "మీ ఆయన నన్ను కుక్క అనుకుంటున్నాడా?"

"అంత మర్యాదే? కుక్కనైతే మధ్యమధ్య మెచ్చుకుంటాడు!"

అంతలో తెర మీద చుక్కలు చెదిరి, ఒక ముఖం తేలింది. గొడుగు పట్టుకున్న అమ్మాయి, మా ఊరి యాసలో, పడమటి జిల్లాల్లో రేపు వాన అని చెబుతోంది. నేను చప్పుడు పూర్తిగా పెంచాను. ఎమ్రిస్ మడిలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. ఆ ఎండలో, బాదంచెట్ల మధ్య, మా భాష వినపడుతుంటే నాకు కళ్ళనీళ్ళాగలేదు. దాచుకోలేదు కూడా.

*

అక్టోబరు తొమ్మిది తెల్లవారింది. ఊళ్ళో బాజాలు, టపాకాయలు. అంపారో గుమ్మం ముందు మా డ్రాగన్ కళ్ళు జిగేల్మనేలా మెరుస్తోంది. ఊరేగింపు పదకొండు గంటల ప్రాంతంలో మా మలుపు తిరిగింది. బాజావాళ్ళు వాయిస్తూ వాయిస్తూ డిష్ వైపు తలలు తిప్పి చూస్తుంటే, ఎమ్రిస్ కోటు గుండీలు పెట్టుకుని, దానికి తండ్రిలా పక్కన నిలబడ్డాడు. నాకు నవ్వూ వచ్చింది, ఆయన్ని చూసి ముచ్చటా వేసింది.

"ఏదో మాడుతోంది," అంది అంపారో.

అందరం టపాకాయలనుకున్నాం. కాదు. డిష్ ముందు చెయ్యి చాచినట్టు ఒక కడ్డీ ఉంటుంది. దాని చివర గుప్పెడంత ప్లాస్టిక్ డబ్బా. ఎల్‌ఎన్‌బి అంటారు, ఆకాశంలోంచి వచ్చిందంతా పట్టుకునేది అదే. ఆ డబ్బా కొవ్వొత్తిలా కరిగి బొట్లుబొట్లుగా కారుతోంది. సన్నగా పొగ వస్తోంది.

ఏడాదిలో ఆ కొద్దిరోజులు మాత్రం పొద్దుటి సూర్యుడు కాసేపు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. మామూలు డిష్‌లకి నునుపు తక్కువ కాబట్టి ఎండ చెదిరిపోతుంది, ఏమీ కాదు. మేం మెరవాలని పంతం పట్టి దాన్ని అద్దం చేశాం. చిన్నపిల్లలు భూతద్దంతో కాగితం కాల్చినట్టు, మా డ్రాగన్ తన డబ్బా తనే కాల్చుకుంది.

"డ్రాగన్ కదా," అన్నాడు బాజావాళ్ళలో ఒకడు. "నిప్పు కక్కింది."

జనం గొల్లుమన్నారు. ఎమ్రిస్ నవ్వలేదు. కోటు విప్పి కరిగిన డబ్బా మీద కప్పి, మెల్లగా ఇంట్లోకి నడిచాడు. మళ్ళీ మోకాళ్ళ నొప్పులు పుట్టినట్టు నడిచాడు.

గురువారం పండగ. శుక్రవారం కలుపుకుని ఆదివారం దాకా కొట్లన్నీ బంద్. కొత్త డబ్బా కోసం తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఒకడు ఎత్తలేదు, ఇంకొకడు సోమవారం చూద్దామన్నాడు. లోవ్రి పోటీ శనివారం.

శుక్రవారం పొద్దున ఎమ్రిస్ గడ్డం గీసుకుని బయల్దేరాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. రోడ్డు మలుపు వైపు, కీత్ బారు వైపు పోతుంటే అర్థమైంది. పెళ్ళైన దగ్గర్నుంచి ఆయన ఎవర్నీ ఏదీ అడగడం నేను చూడలేదు. వానలో బండి దిగబడిపోతే, సాయం రమ్మనకుండా తెల్లారేదాకా తనే తవ్వుకున్న మనిషి.

తిరిగొచ్చాక కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకున్నాడు.

"అడిగాను," అన్నాడు.

"ఏమన్నాడు కీత్?"

"శనివారం సాయంత్రం ఫుట్‌బాల్ ఉందట. గొర్రెల కోసం ఫుట్‌బాల్ ఆపితే బారు తగలబెడతారట. పైగా, ఆ భాష గొర్రెలకే అర్థం కాదు, మనుషులకెలా అర్థమవుతుందన్నాడు."

"నువ్వేమన్నావు?"

"రెండోసారి అడిగాను."

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే.

సాయంత్రం బతిస్త్ వచ్చాడు. వెనకాల అంపారో, ఆవిడ చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ దోలోర్స్ అవ్వ. అవ్వకి తొంభై దాటాయి. కొండల మధ్య మామూలు యాంటెనాకి ఏమీ అందదని, వాళ్ళింటి కప్పు మీదా ఒక చిన్న డిష్ ఉంది. అవ్వ పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం సీరియల్, రాత్రి పాటలు, అన్నీ అందులోంచే. అది లేకపోతే అవ్వ ఇంట్లో ఎవర్నీ బతకనివ్వదని బతిస్త్ ఎప్పుడూ మొత్తుకునేవాడు.

బతిస్త్ జేబులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "మాది. ఇప్పుడే విప్పాను. అన్నీ ఒక జాతే, మీ డిష్‌కీ సరిపోతుంది."

"వద్దు," అన్నాడు ఎమ్రిస్. "అవ్వ... సీరియల్..."

"సీరియల్లో ఆ పిల్ల కడుపుతోనే ఉంది, సోమవారం దాకా కనదులే," అంది అవ్వ. "ఇదిగో నాయనా, ఊరికే ఇవ్వడం లేదు. రేపు నేనూ వచ్చి చూస్తాను. నాకు ముందు కుర్చీ వెయ్యాలి."

శనివారం పొద్దున సూర్యుడు మళ్ళీ ఆ వైపుకి వచ్చేవేళకి, అంపారో తన పెళ్ళినాటి దుప్పటి తెచ్చి డ్రాగన్ మీద కప్పింది. మెరవాలన్నది తనే కదా, మాసేదీ తన దుప్పటే కావాలి అంది.

*

అవ్వ వస్తోందంటే ఊరు ఆగుతుందా? కుర్చీలు చాలక బాదం తట్టలు బోర్లించి కూర్చున్నారు. టీవీని మా కిటికీలో పెరటి వైపు తిప్పి పెట్టాం. అంపారో చిక్కుళ్ళూ కుందేలుమాంసమూ వేసి వండిన అన్నం పెద్ద పెనంతోనే తెచ్చింది. తెర మీద వాన, పొగమంచు, పచ్చటి కొండ. "ఆహా, ఎంత పచ్చగా ఉందో! ఇది వదిలేసి ఈ బండల్లోకి ఎందుకొచ్చారు?" అన్నారెవరో.

"మోకాళ్ళు," అన్నాడు ఎమ్రిస్.

మా ఇద్దరికి తప్ప అక్కడ ఒక్కరికీ వెల్ష్ రాదు. అందుకని ఎమ్రిస్ తెర పక్కన నిలబడి, కామెంటరీ వింటూ తన తోకల్లేని స్పానిష్‌లో చెప్పడం మొదలెట్టాడు. మొదట కాస్త బిడియపడ్డాడు. నలుగురైదుగురి వంతులయ్యేసరికి చెయ్యి ఊపుతూ, జడ్జి కంటే ముందే మార్కులు వేస్తున్నాడు.

అప్పుడు లోవ్రి వచ్చింది. నా చిన్నపిల్ల, వాళ్ళ తాత టోపీ లాంటి టోపీ పెట్టుకుని, కర్ర పట్టుకుని, వానలో. పక్కన నెల్, నలుపూ తెలుపూ, పొట్ట నేలకి ఆనించి. ఎమ్రిస్ చెబుతున్నది ఆపి తెరకి దగ్గరగా జరిగాడు.

"చెప్పవయ్యా!" అన్నాడు బతిస్త్.

"కుక్క వెళ్ళు," అన్నాడు ఎమ్రిస్. "కుడి నుంచి. దూరం. గొర్రెలు పైన. కుక్క వెనక వెళ్ళు, గొర్రె భయం లేదు... చూడు! చూడు! భయం లేదు!"

గొర్రెలు గీత గీసినట్టు కొండ దిగాయి. మొదటి గేటు, రెండో గేటు. అవ్వ ఒక్కో గేటుకి శిలువ గుర్తు వేసుకుంటోంది. చివరికి దొడ్డి. లోవ్రి తాడు పట్టుకుని తలుపు తెరిచి నిలబడింది. అన్నీ లోపలికి నడిచాయి, ఒక ముసలి గొర్రె తప్ప. అది గుమ్మం దగ్గర ఆగి, కాలు నేలకేసి కొట్టింది. ఇలాంటప్పుడు ఎమ్రిస్ అయితే కొండ దద్దరిల్లేలా కేకేసేవాడు. లోవ్రి పెదవులు కదిలాయో లేదో, మాకేమీ వినపడలేదు. నెల్ ఒక్క అడుగు వేసింది. ఇంకో అడుగు. గొర్రె తల తిప్పుకుని, తనంతట తనే వచ్చానన్నట్టు లోపలికి పోయింది.

పెరడంతా లేచి నిలబడింది. ఎవరో నన్ను వాటేసుకున్నారు. కడుపు నిండిపోవడమంటే ఏమిటో నాకు ఆ నిమిషం తెలిసింది.

ఫస్ట్ రాలేదు. రెండో స్థానం. వేల్స్‌లో మా లోయనుంచి ఒక ఆడమనిషి ఆ మెట్టు మీద నిలబడ్డం అదే మొదలు. అయినా బతిస్త్ ఒప్పుకోలేదు, జడ్జి దొంగ అన్నాడు. అవ్వ ఇంకా పెద్ద మాటే అంది.

అంతలో తెర మీద ఒకతను లోవ్రి ముందు మైకు పెట్టాడు. "మీ నాన్నగారు కుక్కల్ని తయారుచెయ్యడంలో పేరున్నవారు. ఆయన దగ్గరే నేర్చుకున్నారా?"

లోవ్రి మొహం మీద వాన తుడుచుకుని నవ్వింది. "లేదండీ. ఆడదాని గొంతు కొండ పైదాకా ఎక్కదు, కుక్క దాన్ని లెక్కచెయ్యదు అన్నాడు నాన్న. ఉన్న కుక్కల్ని పైవాళ్ళకిచ్చేశాడు. అందుకని నేను గొంతెత్తడమే మానేశాను. మెల్లగా చెప్పడం నేర్చుకున్నాను. నెల్ వింటుంది."

మైకు ఇంకొకరి వైపు వెళ్ళిపోయింది.

"ఏమంది? ఏమంది?" అంది అంపారో. పెరట్లో ముఖాలన్నీ ఎమ్రిస్ వైపు తిరిగాయి. "నాన్న అన్నట్టు అనిపించింది. నీ గురించేనా?"

నేను నోరు తెరిచాను. అందరికీ కృతజ్ఞతలు చెప్పిందని చెప్పేద్దామనుకున్నాను. ఎవరికి తెలుస్తుంది? ఎమ్రిస్ నాకేసి చూసి, చెయ్యెత్తి ఆపాడు.

వెల్ష్‌లో అయితే ఆయన ఆ మాట చుట్టూ పది మాటలు అల్లి, చలికాలం వచ్చేదాకా తిప్పగలడు. స్పానిష్‌లో ఆయనకి అన్ని మాటల్లేవు.

"నా గురించే," అన్నాడు. "నేను చెప్పాను, ఆడ గొంతు కొండ ఎక్కదు. కుక్క వినదు. కుక్కలు అమ్మాయికి ఇవ్వలేదు. వేరే మగాడికి ఇచ్చాను." మాట కోసం వెతుక్కున్నాడు. "నేను తప్పు. అమ్మాయి రైటు."

బతిస్త్ తట్ట మీద కదిలి, పక్కనే కూర్చున్న తన ఇద్దరు కూతుళ్ళ వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"అయితే ఆ పిల్ల నీ మాట వినకపోవడమే మంచిదైంది నాయనా," అంది దోలోర్స్ అవ్వ.

"మంచిది," అన్నాడు ఎమ్రిస్. "చాలా మంచిది."

పెళ్ళినాడు కూడా నాకు ఆయన్ని చూస్తే అంత గర్వం కలగలేదు.

అన్నం వడ్డిస్తుండగా ఫోన్ మోగింది. నేను లోపలికి పరిగెత్తి ఎత్తాను.

"అమ్మా! వచ్చిందా? కనిపించామా?"

"కనిపించారు. ఊరంతా చూసింది. జడ్జిని చంపేస్తామంటున్నారు."

లోవ్రి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "నాన్న కూడా చూశాడా?" అంది.

"చూడ్డమేంటే, మొదటినుంచీ ఊరందరికీ స్పానిష్‌లో చెప్పింది ఆయనే."

అవతల కారులో ఉన్నట్టుంది, అద్దాల మీద వాన వినపడుతోంది. "నేను చివర్లో అన్నది కూడానా?"

"అదీ చెప్పాడు. ఒక్క ముక్క మింగలేదు. తనదొక ముక్క కలిపాడు కూడా."

"ఏమని?"

"తప్పు తనదేనని. అందరి ముందూ."

దాని ఊపిరి నాకు వినపడుతోంది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవాలంటే అలాగే ముక్కుతో పీల్చేది. నేను తొందరపెట్టలేదు.

"అమ్మా," అంది, "నాన్నకివ్వు."

ఎమ్రిస్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతులు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుని, ఫోన్ అందుకున్నాడు.